బాయిలర్ ఎక్కడ పెట్టాలి? – మా పెరటి అనుభవం



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. వి.ఓ. మీటింగులో అయితే చాప మీద కూర్చుని మాట్లాడతాం, ఇక్కడ మైకు ముందు నిలబడి మాట్లాడాలి. తప్పులుంటే మన్నించాలి. "మీ సంఘం జీడి బాయిలర్ పెట్టింది కదా, లాభం ఎంతొచ్చిందో చెప్పమ్మా" అని మా సీసీ గారు అన్నారు. లాభం సంగతి మా సంఘం పుస్తకాల్లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. పుస్తకాల్లో లేనిది ఒకటుంది, నేను అదే చెప్తాను. ఆ బాయిలర్ ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక ఒకసారి కట్టాం, కూల్చాం, మళ్ళీ కట్టాం. ఈ ఏడాది మరికొన్ని సంఘాలు బాయిలర్ కోసం తీర్మానాలు రాస్తున్నాయని విన్నాను. మేము పోగొట్టుకున్న డబ్బు మీరు పోగొట్టుకోకుండా ఉంటారని చెప్తున్నాను.

మాది ఉద్దానం. జీడి, కొబ్బరి తప్ప మాకు వేరే ఆధారం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి తిత్లీ తుపాను మా తోటలు ఎలా పడుకోబెట్టిందో ఇక్కడ చాలామంది కళ్ళారా చూశారు. ఆ తరవాత వేసిన అంటు మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. మునుపు మేము ఏం చేసేవాళ్ళమంటే, తోటలో ఏరిన పిక్కలు బస్తాల లెక్కన వ్యాపారికి తోలేసేవాళ్ళం. మా వైపు బస్తా అంటే 80 కిలోలు. తోలేసి, మళ్ళీ మేమే కాశీబుగ్గ వెళ్ళి కార్ఖానాలో ఆ పిక్కలే రోజు కూలికి కొట్టేవాళ్ళం. మన పిక్కే, మన చెయ్యే, పప్పు మాత్రం వేరే వాళ్ళది. బస్తా పిక్కలకి పప్పు 20 కిలోల పైచిలుకు దిగుతుంది. ఈ లెక్క ఒకరోజు పొదుపు మీటింగులో మా వి.ఓ.ఏ. పలక మీద వేసి చూపించింది. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

పది మందిమి ఉన్న సంఘంలో ఐదుగురం ముందుకొచ్చాం. బ్యాంకు లింకేజీలో వచ్చిన డబ్బుతో ఒక చిన్న బాయిలర్, రెండు కటింగ్ మిషన్లు కొన్నాం. బాయిలర్ అంటే రైసు మిల్లులో ఉండేటంతది అనుకోకండి. మాది ఇడ్లీ పాత్రకి పెద్దన్నయ్య. ఇనప డ్రమ్ములో అడుగున నీళ్ళు, మధ్యలో చిల్లుల పళ్ళెం, దాని మీద అరబస్తా పిక్కలు. కింద పొయ్యి. ముప్పావు గంట ఆవిరి పడితే పెంకు మెత్తబడి, లోపల పప్పు పెంకుని వదులుతుంది. రాత్రంతా నేల మీద ఆరబోసి, మర్నాడు కట్ చేస్తాం. ఉడకని పిక్కని కట్ చేస్తే పప్పు విరిగి బద్దలవుతుంది, జీడి నూనె చేతుల్ని కాల్చేస్తుంది. మా అత్త వేళ్ళు చూస్తే తెలుస్తుంది, ముప్పై ఏళ్ళు ఆముదం, బూడిద రాసుకుని కాల్చిన పిక్కలు కొట్టిన చేతులవి.

బాయిలర్ ట్రాక్టరు మీద వచ్చి మా ఇంటి ముందు దిగింది. దిగాక అడిగాం, "ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలి?" అని. అక్కడే మా మొదటి తప్పు. ఆ మాట అది రాకముందు అడగాల్సింది.

మా ఇల్లు ఎందుకు ఎంచుకున్నామంటే పెరడు పొడుగ్గా ఉంటుందని. "లీడరు కదా, ఆవిడింట్లోనే పెట్టేసుకుంది" అని ఊళ్ళో మాట వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? అందుకని సామాను సంఘానిదని, నేను స్థలం మాత్రమే ఇస్తున్నానని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చని తీర్మానం పుస్తకంలో రాసి ఐదుగురం సంతకాలు పెట్టాం. ఆ కాగితం తరవాత ఎంత పనికొచ్చిందో చెప్తాను.

మా వైపు ఇళ్ళు మీకు తెలుసు. వీధికి రెండు వైపులా గోడకి గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. ముందు వీధరుగు, లోపల గదులు, వెనక వసారా, ఆ వెనక పెరడు, పెరట్లో బావి, చివర కొబ్బరి చెట్లు. మా ఇల్లు ఉత్తరం ముఖం, పెరడు దక్షిణానికి. మావయ్య సిద్ధాంతి గారిని పిలిపించారు. అగ్గి పెట్టేది ఆగ్నేయం మూల, అంటే వెనక వసారాలో తూర్పు చివర, వంటగదిని ఆనుకుని అన్నారు ఆయన. మేస్త్రి కూడా సరేనన్నాడు, గోడ సిద్ధంగా ఉంది, పైన రేకు ఉంది, పని తక్కువ. మా ఇంటాయన సరేనన్నారు, కరెంటు దగ్గర, నీళ్ళు దగ్గర. నేనూ సరేనన్నాను. ఆ రోజు అక్కడ నిలబడ్డ వాళ్ళల్లో పొయ్యి ముందు రోజూ నిలబడేది నేనొక్కదాన్నే. మిగతా నలుగురు సభ్యుల్ని పిలవనే లేదు. ఇటుకలకి, సిమెంటుకి, మేస్త్రికి 6,500 రూపాయలు అయింది.

మొదటి వారం ఉదయం పూట ఉడకబెట్టాం. బాగానే ఉంది. రెండో వారం పిక్కలు ఎక్కువ రావటంతో మధ్యాహ్నం కూడా మొదలుపెట్టాం. ఇక చూసుకోండి. జీడి పెంకునే పొయ్యిలో వేస్తాం, అది ఊరికే వస్తుంది. కానీ దాన్నిండా నూనె, పొగ నల్లగా, ఘాటుగా వస్తుంది, కళ్ళు మండుతాయి. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. మాకు సముద్రం ఆగ్నేయం దిక్కునే ఉంది. అంటే సిద్ధాంతి గారు చెప్పిన మూలలో పొగ పుడుతుంది, అదే మూల నుంచి గాలి వస్తుంది, రెండూ కలిసి వసారా పొడుగునా ఇంట్లోకి దూరతాయి.

ఆ వసారాలోనే మా మావయ్య మంచం. ఆయనకి కిడ్నీ జబ్బు, వారానికి మూడుసార్లు పలాసకి డయాలసిస్ కి తీసుకెళ్తాం. ఉద్దానంలో ఇలాంటి మంచం లేని వీధి లేదు, మీకు కొత్తగా చెప్పక్కరలేదు. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు మనిషి పీనుగులా పడుంటాడు. ఆ పొగలో పడుకుని దగ్గేవారు. "మావయ్యా, పొగొస్తంది కదా" అంటే "ఏటీ లేదు, సలవ సేసింది" అనేవారు. చోటు తనే చెప్పించాడు కదా, తప్పని ఎలా అంటారు? మా అత్త మాత్రం మంచం ఎత్తి ముందు గదిలో వేయించింది. ఆ గదికి కిటికీ లేదు.

ఇంకో సంగతి నాకు తట్టనే లేదు. మా సంఘంలో ఒక అప్ప పొయ్యి దగ్గరకొచ్చి, గోడ మీద చెయ్యేసి, "ఓలమ్మా, ఇంత కాలిపోతంది, ఈ గోడకి అవతల ఏటుంది?" అని అడిగింది. అవతల గ్యాస్ సిలిండరు ఉంది. 2024 నవంబరు 1న దీపం-2 మన ఈదుపురంలోనే మొదలైంది, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నాక కట్టెల పొయ్యి మానేసిన ఇళ్ళు మా వీధిలోనే ఎన్నో. గ్యాస్ గాలి కంటే బరువు, కారితే పైకిపోదు, నేల మీద పాకుతుంది. వంటగది గుమ్మం దాటితే మా బాయిలర్ పొయ్యి. సిలిండరు డెలివరీ ఇచ్చే అబ్బాయి చెప్పిన మాటలు ఆ అప్పకి గుర్తున్నాయి, నాకు లేవు. ఆ సాయంత్రమే సిలిండరు వేరే గోడకి మార్చాం. కానీ గోడ మార్చినంత మాత్రాన సరిపోదని అందరికీ అర్థమైంది.

మరి ఎక్కడ? ఐదుగురం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి మగవాళ్ళని పిలవలేదు, అలిగారు, పర్వాలేదు. ఒకామె వసారాలోనే పడమర చివరకి మార్చుదామంది. ఇంకొకామె పెరటి చివరకి తీసుకుపోదామంది. మూడో ఆమె, మాలో అందరికంటే చిన్నది, ఐదో తరగతి చదివింది, ఇలా అంది: "అప్పా, గాలినే అడుగుదాం. తడి గడ్డి తెచ్చి సోటు సోటుకీ అగ్గెడదాం. పొగెటెల్తే అటు సూద్దాం."

ఇంత చిన్న సంగతి! సిద్ధాంతికి దక్షిణ ఇచ్చాం, మేస్త్రికి కూలి ఇచ్చాం, గడ్డి మాత్రం ఎవరమూ వెలిగించలేదు. మర్నాడు నాలుగు కొబ్బరి డొక్కలు, గుప్పెడు తడి గడ్డి వేసి మూడు చోట్ల పెట్టాం. తెల్లారుజామున నాలుగింటికి ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. మూడు రోజులు అలాగే చేశాం. ఒక్క రోజు చూస్తే గాలి మోసం చేస్తుంది.

తెల్లారుజామున గాలి కొండల వైపు నుంచి, మహేంద్రగిరి దిక్కు నుంచి సముద్రానికి పోతుంది. అప్పుడు పెరట్లో ఎక్కడ పెట్టినా పొగ తోటలోకే పోతోంది. ఎనిమిది దాటాక గాలి తికమకగా ఉంటుంది. మధ్యాహ్నం మళ్ళీ ఇంటి మీదికే. పడమర చివర పెడితే? అక్కడ పెట్టిన పొగ మా ఇంట్లోకి రాలేదు, నేను సంతోషపడ్డాను. కానీ అది గోడ దాటి మా పక్కింటి వదిన వాళ్ళ వసారాలోకి సూటిగా పోయింది. ఆ ఇంట్లో నెల కూడా నిండని పసిగుడ్డు ఉంది. వదిన ఏమీ అనలేదు, తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా పొగ మా మావయ్య మీద నుంచి తీసి ఆ బిడ్డ మీద పెట్టి, "చోటు దొరికింది" అని తీర్మానం రాసేదాన్ని నేను.

మిగిలింది పెరటి చివర. నా అడుగులతో వసారా నుంచి నలభై అడుగులు. అక్కడ నుంచి పొగ మధ్యాహ్నం కూడా ఇంటికి చేరేసరికి పలచబడుతోంది. కానీ దూరానికి దూరం బాధలున్నాయి. బస్తా మొయ్యాలి. నీళ్ళు మొయ్యాలి. నాలుగింటికి చీకట్లో నడవాలి, మా పెరట్లో పాములు తిరుగుతాయి. వీటికి మేము చేసినవి చెప్తాను. ఒక ఎల్ఈడీ బల్బు, వైరు పైన కట్టి లాగించాం, నేల మీద పరచలేదు. దారి పొడుగునా చెత్త తీసి కంకర పోశాం. బావి నుంచి ఒక పైపు.

అన్నిటికంటే పెద్ద మేలు ఒకటి మేము ఊహించనిది. వరస ఇళ్ళల్లో పెరట్లోకి రావాలంటే ఇంట్లోంచే రావాలి. బాయిలర్ వసారాలో ఉన్నన్నాళ్ళు మిగతా నలుగురు తెల్లారుజామున నా తలుపు కొట్టి, మా మావయ్య, అత్త, పిల్లలు పడుకున్న గదులు దాటి రావాలి. వాళ్ళకి సిగ్గు, మా వాళ్ళకి ఇబ్బంది. దాంతో ఇద్దరు రావటం తగ్గించేశారు. మేమేమో "వాళ్ళకి పని మీద శ్రద్ధ లేదు" అనుకున్నాం. పెరటి చివర వెనక సందులోకి పాత దొడ్డి గుమ్మం ఉంది, ముళ్ళకంప వేసి మూసేశాం ఎప్పుడో. అది తెరిచి తడిక కట్టాం. తాళం చెవులు ఐదు చేయించాం, ఒక్కొక్కరికి ఒకటి. అప్పటి నుంచి ఆ ఇద్దరూ అందరికంటే బేగి వస్తున్నారు. సంఘం సామాను ఒకరి ఇంట్లో ఉన్నప్పుడు మిగతావాళ్ళు ఎవరినీ అడగకుండా అక్కడికి రాగలగాలి. అలా రాలేకపోతే తీర్మానంలో ఏం రాసుకున్నా ఆ సామాను ఇంటావిడదే అయిపోతుంది.

చివర కూడా ఎక్కడ పడితే అక్కడ పెట్టలేదు. కొబ్బరి చెట్టు కింద పెట్టకూడదు, కాయ పడినా ఎండు మట్ట పడినా పొయ్యి మీదే పడుతుంది. తుపానుకి ఏ చెట్టు ఎటు వాలిందో మా అత్తకి గుర్తుంది, ఆవిడ చూపించిన చోట పెట్టాం. బావికి దూరంగా, పల్లం వైపు పెట్టాం, బూడిద నీళ్ళు, డ్రమ్ము కడిగిన నీళ్ళు బావిలోకి దిగకుండా. పొయ్యి నోరు దగ్గర మనిషి వెనక్కి తప్పుకోవటానికి నాలుగు అడుగుల ఖాళీ వదిలాం. వసారాలో ఆ ఖాళీ లేదు, వెనక గోడే. ఒకసారి నిప్పు కణిక ఎగిరితే నా చీర అంచు కాలింది. పైన రేకు, మూడు వైపులా ఖాళీ, తోట వైపు మాత్రం నడుమెత్తు గోడ. పొగ గొట్టం మా ఇంటి రేకు కంటే ఎత్తు.

ఒక కడవ మంచినీళ్ళు అక్కడే ఉంటాయి, నీడలో. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. కానీ వేడిలో చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా గంటలు గంటలు పనిచేయటం మంచిది కాదని మాకు డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. ఆడవాళ్ళు నీళ్ళు ఎందుకు తాగరో అందరికీ తెలుసు, మళ్ళీ బయటికి వెళ్ళాలి కదా అని. అందుకని చోటు చూసేటప్పుడు మరుగుదొడ్డి ఎంత దూరమో కూడా చూసుకోండి. మాకు దొడ్డి గుమ్మం పక్కనే ఉంది.

మావయ్యకి ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు ఆలోచించాను. చివరికి ఆయన మంచం దగ్గర కూర్చుని, "మావయ్యా, సిద్ధాంతి గారు చెప్పింది ఇంటికి ఆగ్నేయం. మేము స్థలం మొత్తానికి ఆగ్నేయం మూలకి తీసుకెళ్తన్నాం" అన్నాను. నిజంగానే అది స్థలానికి ఆగ్నేయమే. ఆయన కాసేపు పైకప్పు చూశారు. "అదే నాను ముందునుంచీ సెప్తన్నాను" అన్నారు. మా అత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి పోయింది. మంచం మళ్ళీ వసారాలోకి వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మా డ్రమ్ముకి మూత వదులుగా ఉంటుంది, ఆవిరి ఎక్కువైతే లేచి బయటికి పోతుంది. ఒకరోజు బేగి ఉడుకుతుందని ఒకామె మూత మీద రాయి పెట్టింది. నేను చూసి పరిగెత్తి కర్రతో తోసేశాను. ఆ రాయితోనే ఇడ్లీ పాత్ర బాంబు అవుతుంది. కొన్ని సంఘాలు ఒత్తిడితో నడిచే, మీటరు ఉన్న పెద్ద బాయిలర్లు చూస్తున్నాయని తెలిసింది. 25 లీటర్లు, అంతకు పైన పట్టి, ఒక కిలో, అంతకు పైన ఒత్తిడితో ఆవిరి తీసేదైతే అది బాయిలర్ల చట్టం కిందకి వస్తుంది. 1923 నాటి పాత చట్టం బదులు 2025లో కొత్తది వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ ఉండాలి. మాకు అమ్మినాయన "కాగితాలేటీ అక్కర్లేదమ్మా" అన్నాడు. మా దానికి నిజంగానే అక్కర్లేదు, కానీ ఆయన అందరికీ అదే మాట చెప్తాడు. అలాంటిది కొంటే ఇంటి పెరడు చాలదు, ముందే ఏపీఎం గారిని అడిగి బాయిలర్ల శాఖ వాళ్ళతో మాట్లాడండి.

ఇప్పుడు మేము తెల్లారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎనిమిది లోపల రెండు విడతలు, అంటే ఒక బస్తా దించేస్తాం. మధ్యాహ్నం పొయ్యి వెలిగించకూడదని తీర్మానం రాసుకున్నాం. దానివల్ల సీజనులో కొంత పని తగ్గుతుంది, నిజమే. ఆ మాట మీద మాలో ఇంకా గొడవ ఉంది. ఇద్దరు గొట్టం ఇంకా ఎత్తు చేసి మధ్యాహ్నం కూడా నడుపుదామంటున్నారు. పక్కింటి వదినని కూడా ఆ మీటింగుకి పిలవాలని నేనంటున్నాను. ఆవిడ మా సంఘం మనిషి కాదు కదా అని వాళ్ళంటున్నారు. వచ్చే నెల మీటింగులో తేలుతుంది.

సీతంపేట వైపు నుంచి వచ్చిన గిరిజన అక్కచెల్లెళ్ళు ఇందాక టీ దగ్గర నన్ను అడిగారు, వాళ్ళు పిక్కలు పచ్చివే అమ్ముకుంటున్నారట, బాయిలర్ పెట్టొచ్చా అని. పెట్టండి. కానీ మీది కొండ ఊరు, మీ గాలి వేరు, మా దిక్కులు మీకు పనికిరావు. బాయిలర్ కి అడ్వాన్సు ఇచ్చే ముందు మీ ఇంట్లో మూడు రోజులు తడి గడ్డి వెలిగించి చూడండి. మా దగ్గరకి వచ్చి చూడాలనుకుంటే తెల్లారుజామునే రండి, వీధి గుమ్మం కొట్టొద్దు, వెనక సందులోంచి రండి. బల్బు వెలుగుతుంటుంది.

ఏపీఎం గారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలు కూడా సిద్ధమైనట్టున్నాయి.